ఒర్బెసాలో ఉండిపోయినవాడు

మా ఊరు ఒర్బెసాలోని పాత చర్చిలో, ఉత్తరపు గోడ పక్కన, చీకటి పడ్డాక ఎవరూ అబద్ధం ఆడరు.

పగలు ఆడతారు. శుభ్రంగా ఆడతారు. ఆదివారం ప్రార్థన అయ్యీ అవకముందే, ఎవరి ఆవు ఎంత పాలిచ్చిందీ, ఎవరి అల్లుడు ఎంత మంచివాడూ అని మొదలుపెడితే, విన్నవాడికి చెవులు వేడెక్కుతాయి. కానీ చీకటి పడితే... ఆ గోడ దరిదాపుల్లో... అందరూ ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదనుకుంటారు.

ఎందుకంటే అక్కడ వాడున్నాడు.

పొడుగుచెయ్యోడు.

ఇది నేను మా పెద్దమ్మ ఎవులారియా దగ్గర విన్న కథ. మా అమ్మకి అక్క ఆవిడ. చిక్కుళ్ళు ఒలుస్తూ చెప్పేది. కథ భయం పుట్టించే చోటికి రాగానే ఒలవడం ఆపేసి గుమ్మంవైపు చూసేది. మేం కూడా చూసేవాళ్ళం. ఈలోగా ఆవిడ వాటా చిక్కుళ్ళు మా గిన్నెల్లోకి వచ్చేవి. విన్నది విన్నట్టు చెబుతాను. బడిలో పాఠాలు చెప్పీ చెప్పీ అలవాటైపోయింది గనక, మధ్యలో ఆగి ఒకటీ అరా వివరిస్తే విసుక్కోకండి.

ముందు చర్చి సంగతి.

అది ఎప్పటిదని మా ఊళ్ళో ఎవరినడిగినా "కొండలంత పాతది" అంటారు. కొండలంత కాదు గానీ, వెయ్యేళ్ళకి కాస్త తక్కువ ఉంటుంది. కొండలకి అవతల్నుంచి, లంబార్దీ దేశం నుంచి, తాళ్ళూ సుత్తులూ భుజాన వేసుకుని రాతిపనివాళ్ళు కాలినడకన వచ్చి కట్టారు. పుస్తకాల్లో ఈ తరహాని రోమనెస్క్ అంటారు. కమానులన్నీ గుండ్రం, కిటికీలన్నీ పిడికెడు, గోడలు మాత్రం ఒక ఆవు అడ్డంగా పడుకుంటే ఎంతో అంత మందం.

ఎందుకంత మందం? ఒక అట్టముక్క వంచి, రెండు పుస్తకాల మధ్య కమానులా నిలబెట్టండి. పైన వేలితో నొక్కండి. పుస్తకాలు చెరో పక్కకీ జరిగాయా? అదే. పైనున్న రాతి కప్పు నిలువునా కోసిన పీపాలా వంపు తిరిగి ఉంటుంది. దాని బరువు ఊరికే కిందికి దిగదు, గోడల్ని బయటికి తోస్తుంది. గోడ గట్టిగా నిలబడాలంటే లావుగా ఉండాలి, కిటికీ పెద్దదైతే గోడ బలం పోతుంది. అందుకే లోపల మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ వంపు కప్పు మాటని నేల మీద పడనివ్వదు. ఒక మూల గుసగుసలాడితే, అది రాతి వెంబడి పాకి, తలుపు దగ్గర దిగుతుంది. ఇది గుర్తుంచుకోండి. పనికొస్తుంది.

అయితే వెనకటి రోజుల్లో ఆ గోడలు ఇలా బోడిగా ఉండేవి కావు. నిండా బొమ్మలు. తూర్పున గుండ్రటి గూట్లో సింహాసనం మీద ప్రభువు, కళ్ళు ఇంతింత చేసుకుని. ఉత్తరపు గోడ మీద మిఖాయేలు దూత, చేతిలో త్రాసు. చనిపోయినవాళ్ళ ఆత్మల్ని తూచి, మంచి ఎక్కువుందా చెడు ఎక్కువుందా చూసేవాడు. త్రాసుకి అటుపక్క దెయ్యం. నల్లగా, ఎముకలు తేలి, చెవులదాకా నవ్వు. వాడి చెయ్యి మాత్రం ఒంటికి సరిపడనంత పొడుగు. ఆ పొడుగు చేతి చివర ఒక్క వేలితో, ఎవరూ చూడటం లేదనుకుని, చెడు ఉన్న తట్టని నొక్కుతూ ఉండేవాడు. సంతలో ఉన్ని తూచేవాడు నొక్కినట్టే.

అందుకే మా ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. సాక్షి లేని తగవు వస్తే ఇద్దర్నీ ఆ గోడ ముందు నిలబెట్టేవాళ్ళు. "చెప్పండి. తూచేవాడు వింటాడు, నొక్కేవాడూ వింటాడు" అనేవాళ్ళు. అబద్ధం ఆడినవాడి తట్ట మీద ఆ వేలు పడుతుందని నమ్మకం. తగవులు చాలావరకు అక్కడికి వెళ్ళేలోపే తీరిపోయేవి.

ఇంతలో బొమ్మలు పోయాయి.

నేను పుట్టకముందు మాట. శరత్కాలంలో, పశువుల్ని పైకొండల మీంచి దింపాక, ఊరు ఊరంతా కింద లోయలో జరిగే పశువుల సంతకి వెళ్ళింది. మా తాతయ్య సెల్దోని మాత్రం జ్వరంతో మంచం పట్టి ఇంట్లోనే ఉన్నాడు. ఆయన్ని చూసుకోవడానికి పెద్దమ్మ ఉంది. చర్చి తాళంచెవి ఉండేది మా తాతయ్య దగ్గరే. వాళ్ళ తాతల కాలం నుంచీ, పడకగది గోడకున్న మేకుకి వేలాడుతూ.

ఊరు తిరిగొచ్చేసరికి గోడలు బోడిగా ఉన్నాయి.

ఎవరో పట్నం బేరగాళ్ళు వచ్చి, గోడ నిండా గుడ్డలంటించి, జంతువుల తోళ్ళు ఉడికించి తీసిన బంక పూసి, అది ఆరి బిగుసుకున్నాక లాగితే... రంగు మొత్తం తోలు ఒలిచినట్టు ఊడి వచ్చేసింది. చాపల్లా చుట్టచుట్టి పట్టుకుపోయారు. ప్రభువు పోయాడు. మిఖాయేలు పోయాడు. త్రాసు పోయింది.

తలుపు పగలలేదు. తాళం విరగలేదు. తాళంచెవి మేకుకి వేలాడుతూనే ఉంది. ఇక చెప్పడానికేముంది?

"సెల్దోని అమ్ముకున్నాడు" అన్నారు.

"నాకు తెలీదు. జ్వరంలో ఉన్నాను" అన్నాడు మా తాతయ్య. జ్వరంలో ఉన్నవాడి మాట ఎవరు వింటారు? తాళంచెవి తీసుకుపోయి మరొకరికి ఇచ్చారు. ఆ మరొకరు బ్లాయ్. కంచరగాడిదలు తోలేవాడు, పెద్ద గొంతు, ఊరి ప్రతి పనికీ ముందుండే మనిషి.

చర్చి వసారాలో ఎండ తగిలే వైపు ఒక రాతి అరుగుంది. మగవాళ్ళు సాయంత్రాలు అక్కడ కూర్చుంటారు. ఎవరి చోటు వారిది. కూర్చునీ కూర్చునీ రాయి గుంటలు పడింది. మా తాతయ్య చోటు తలుపుకి ఆనుకుని ఉండేది. ఆ రోజునుంచి ఆయన వెళ్ళలేదు. ఆ చోట్లో ఎవరూ కూర్చోలేదు. రమ్మని ఎవరూ అనలేదు. గుంటలో వాన నీళ్ళు నిలిచేవి.

పెద్దమ్మ కోరిక ఒక్కటే. నాన్న కన్ను మూసేలోపు మళ్ళీ ఆ గుంటలో కూర్చోవాలి.

ఆవిడకి ఒక అనుమానం ఉంది. ఊరు సంతకి కదిలిన సాయంత్రం, "జ్వరం ఎలా ఉంది?" అంటూ తేనె పట్టుకుని పడకగదిలోకి వచ్చింది బ్లాయ్ ఒక్కడే. తను సంతకి బయల్దేరేముందు మళ్ళీ ఒకసారి వచ్చి పలకరించి వెళ్ళాడు. సంతకి ఆలస్యంగా చేరింది కూడా ఆయనొక్కడే. గాడిద కుంటిందన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మూత ఉన్న జేబు గడియారం ఒకటి తెచ్చాడు. పందెంలో గెలిచానన్నాడు. ఎవరూ టైమెంతని అడగకపోయినా మూత తెరిచి చెప్పేవాడు.

ఇదంతా ఊళ్ళో చెప్పి చూసింది. "నాన్నని కాపాడుకోవడానికి ఇంకొకడి మీద తోస్తావా?" అన్నారు. ఆవిడ నోరు మూసుకుంది. కానీ బుర్ర మూసుకోలేదు.

ఇక వాడి సంగతి.

బొమ్మలు పోయిన తర్వాతి చలికాలం నుంచీ ఊళ్ళో ఒక మాట మొదలైంది. ఉత్తరపు గోడ దగ్గర, మంచు పట్టిన సాయంత్రాలు, ఏదో కనబడుతోందని. ఒకసారి ఒక చెయ్యి. ఒకసారి ఉత్త వేలు. మళ్ళీ చూస్తే లేదు.

"దూతని పట్టుకుపోయారు. వాడు మాత్రం నేను రానని గోడని కరుచుకుని ఉండిపోయాడు" అనేవాళ్ళు ఆడవాళ్ళు, శిలువ గుర్తు వేసుకుంటూ. "ఇప్పుడు ఆపేవాడు లేడుగా. ఇష్టమొచ్చినట్టు నొక్కుతాడు."

అందరికంటే గట్టిగా ఈ మాట చెప్పేవాడు బ్లాయే. "సెల్దోని పాపమే వాణ్ణి ఇక్కడ కట్టేసింది" అనేవాడు. అని, చీకటి పడేలోపు చర్చికి తాళం వేసి, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచేవాడు.

కానీ ఏడాదిలో ఒక్క రాత్రి చర్చికి తాళం వెయ్యడం కుదరదు. చనిపోయినవాళ్ళ రాత్రి.

ఆ రాత్రి గంట ఆగకూడదు. పొద్దు గుంకింది మొదలు తెల్లారేదాకా, పోయినవాళ్ళకి మనం మర్చిపోలేదని తెలియాలని, ఒక్కో దెబ్బే, నెమ్మదిగా. వంతులవారీగా ఇంటికొకరు వెళ్ళి తాడు లాగుతారు. వాళ్ళకి ఓపిక ఉండాలని ఇళ్ళనుంచి చెస్ట్‌నట్ కాయలు కాల్చి పంపుతారు, తియ్యటి ద్రాక్షసారా పంపుతారు. ఆ ఏడు మొదటి వంతు బ్లాయ్‌దీ, కమ్మరి కిర్సెదీ.

పగలంతా వాన కురిసి ఆగింది. పొద్దు గుంకేసరికి ఏటి మీంచి పొగమంచు లేచి ఊళ్ళోకి వచ్చేసింది. చర్చి రాళ్ళు ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేంత చల్లగా ఉన్నాయి.

పెద్దమ్మ నిప్పుల కుంపటీ, దాని మీద మూతపెట్టిన పెద్ద రాగి బిందే మోసుకుంటూ వచ్చింది.

"ఏంటి పిల్లా, బిందె తెచ్చావ్?" అన్నాడు బ్లాయ్, తాడు వదలకుండానే. "కాల్చినవి తేలేదా? గంట కొట్టేవాడికి ఉడకబెట్టినవి పెడతారా ఎవరైనా?"

"నోట్లో ఎన్ని పళ్ళున్నాయో చూసుకుని మాట్లాడు మామా. కిందటేడు కాల్చిన కాయ కొరికి పన్ను మింగేశావంట కదా!"

"మింగలేదు. ఉమ్మేశాను."

"ఉమ్మింది మా కోడి మింగింది" అన్నాడు కిర్సె. "అప్పట్నుంచీ దానికి కొరకడం అలవాటైంది."

పెద్దమ్మ నవ్వుతూనే కుంపటి తీసుకెళ్ళి ఉత్తరపు గోడ కింద పెట్టింది. దాని మీద బిందె పెట్టి, మూత తీసింది. సోంపు వాసన గుప్పుమంది.

బ్లాయ్ చెయ్యి తాడు మీద ఆగింది. "అక్కడే ఎందుకూ?"

"ఇక్కడైతే తలుపు గాలి తగలదు. చల్లారదు."

"ఇటు పెట్టొచ్చుగా."

"ఏం మామా? భయమా?"

"భయమా? నాకా?" గొంతు కప్పుకి తగిలి తిరిగొచ్చింది. బ్లాయ్ దాన్ని తగ్గించాడు. "నడుంనొప్పి. పొద్దున్న గాడిద తన్నింది. అంతదూరం నడిచి, వంగి, తీసుకుని..."

"అయితే దాని పక్కనే చతికిలబడు. కాయలూ తినొచ్చు, నడుమూ కాగుతుంది."

అని, ముసుగు సర్దుకుని బయటికి వెళ్ళిపోయింది.

కాసేపటికి కిర్సె పెళ్ళాం తలుపులోంచి తల పెట్టి పిలిచింది. "ఇదిగో... ఆవు నొప్పులు పడుతోంది. ఒక్కసారి రా."

"ఇప్పుడా?"

"నన్నడుగుతావేం? దాన్నడుగు."

కిర్సె వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

బ్లాయ్ ఒక్కడూ మిగిలాడు.

ఒక దెబ్బ. ఆగడం. ఇంకో దెబ్బ.

తాడు పొడుగ్గా ఉంది. కొస పట్టుకునే గోడదాకా వచ్చి, బిందెలోంచి నాలుగు కాయలు తీసుకున్నాడు. తిన్నాడు. మెత్తగా బాగానే ఉన్నాయి. సారా తాగాడు. అది ఇంకా బాగుంది. నడుం లాగుతోంది. అక్కడే చతికిలబడి, కూర్చునే తాడు లాగడం మొదలుపెట్టాడు.

నిప్పులు ఎర్రగా ఉన్నాయి. తర్వాత అంత ఎర్రగా లేవు.

కప్పు మీద ఏదో పాకిన చప్పుడు... తన ఊపిరే. తూర్పు గూట్లో ఏదో మూలిగింది... గాలే అయ్యుంటుంది. తెరిచిన బిందె గుసగుసమని ఉడుకుతోంది, ఎవరో మెల్లగా లెక్క అప్పజెప్పుతున్నట్టు.

ఒక దెబ్బ.

ఆగడం.

గడియారం తీశాడు. చీకట్లో ముళ్ళు కనబడలేదు. చెవికి ఆనించుకున్నాడు. ఆగిపోయింది.

తలెత్తాడు.

గోడ మీద... ఏదో ఉంది.

కళ్ళు నులుముకున్నాడు. అది పోలేదు. ముందు ఒక మరక. మరకకి కొస వచ్చింది. కొస సాగింది... సాగింది... మోచెయ్యి ఉండాల్సిన చోటు దాటి, మణికట్టు ఉండాల్సిన చోటు దాటి, ఇంకా సాగుతూనే ఉంది...

చివర ఒక వేలు.

తాడు ఆయన చేతిలోంచి జారింది.

బయట వసారాలో ఆడవాళ్ళు కొవ్వొత్తులు పట్టుకుని జపం చేస్తున్నారు. కిర్సె కూడా అక్కడే ఉన్నాడు. ఆవు శుభ్రంగా నిద్రపోతోందట, పెళ్ళాం మీద విసుక్కుంటున్నాడు. పక్కనే సమాధుల దగ్గర, దుప్పటి కప్పుకుని మా తాతయ్య. "అమ్మకోసం ఒక్క కొవ్వొత్తి వెలిగించి వచ్చేద్దాం నాన్నా" అని పెద్దమ్మ బతిమాలి తీసుకొచ్చింది. వసారాలో అడుగుపెట్టనన్నాడు. మంచులో నిలబడ్డాడు.

గంట ఆగింది.

జపం ఆగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చనిపోయినవాళ్ళ రాత్రి గంట ఆగడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

"ఏమైందీ?" అంది ఒకావిడ.

"ష్..." అంది పెద్దమ్మ.

తలుపు సందులోంచి ఒక గుసగుస. దగ్గర్నుంచి ఎవరో చెవిలో చెబుతున్నట్టు.

"వద్దు... వద్దు... వేలు తియ్యి..."

ఎవరూ కదల్లేదు.

"చెబుతాను... చెబుతున్నాగా... నొక్కకు... తాళంచెవి సెల్దోని ఇవ్వలేదు. నేను తీశాను. జ్వరంలో ఒళ్ళు తెలీకుండా పడున్నాడు. మేకునుంచి తీశాను, పని అయ్యాక మళ్ళీ తగిలించాను. గాడిదలు నావే. మోసింది నేనే... శుభ్రం చేసి తిరిగి తెస్తామన్నారయ్యా... లేదు, లేదు, అనలేదు! నొక్కకు! వాళ్ళేమీ అనలేదు. గడియారం ఇచ్చారు... గడియారం కోసం చేశాను..."

తర్వాత వెక్కిళ్ళు.

కిర్సె భుజంతో తలుపు తోశాడు. కొవ్వొత్తులన్నీ ఒక్కసారి లోపలికి వెళ్ళాయి.

ముందు కేక వేసింది కిర్సె పెళ్ళాం.

ఉత్తరపు గోడ మీద, బిందె ఆవిరి పాకినంతమేరా, తడితడిగా మిఖాయేలు నిలబడి ఉన్నాడు. మసగ్గా, నీళ్ళలో కనబడే మొహంలా. రెక్కలు. చేతిలో త్రాసు. అటుపక్క నల్లగా, నవ్వుతూ, వాడు.

ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూలబడ్డారు. బ్లాయ్ నేల మీద, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

అప్పుడు వాళ్ళ మధ్యలోంచి దుప్పటి ఈడ్చుకుంటూ మా తాతయ్య నడిచొచ్చాడు. ఆ గడప తొక్కి ఎన్నేళ్ళయిందో. దెయ్యాన్ని చూడలేదు. బ్లాయ్‌నీ చూడలేదు. దూత మొహం వైపు చూసి, చంటిపిల్లాణ్ణి పలకరించినట్టు,

"వచ్చావా నాయనా?" అన్నాడు.

తర్వాత బ్లాయ్ నడుంపట్టీలోంచి తాళంచెవి తీసి పైకి చాపాడు.

"నీదే సెల్దోనీ. తీసుకో."

"లేచి ఇవ్వు" అన్నాడు మా తాతయ్య.

"లేవలేను."

"సిగ్గా?"

"సిగ్గూ ఉంది. నడుమూ పట్టేసింది."

మా తాతయ్య దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. తర్వాత చెయ్యి ఇచ్చి లేపాడు. తాళంచెవి తీసుకుని, నేల మీద పడున్న తాడు అందుకుని, లాగాడు.

గంట మళ్ళీ మోగింది. తెల్లారేదాకా తాడు ఎవరికీ ఇవ్వలేదట ఆ ముసలాయన.

మర్నాడు సాయంత్రం ఆయన వసారాకి వెళ్ళేసరికి, గుంటలోని వాన నీళ్ళు ఎవరో తుడిచేసి ఉంచారు. ఎవరని ఆయన అడగలేదు. కూర్చున్నాడు. అరుగు అటు చివర, చెయ్యి నడుం మీద పెట్టుకుని, బ్లాయ్ నిలబడే ఉన్నాడు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని తరిమేయలేదు. కానీ ఎవరి గాడిద దొంగతనంగా గడ్డి మేసినా, "టైమెంతైంది బ్లాయ్?" అని అడిగేవాళ్ళు, ఆయన బతికున్నంతకాలం.

ఇప్పుడు పాఠం. బడిపిల్లలకి ఇలాగే చెప్పేదాన్ని.

గోడకి బొమ్మ వేసేటప్పుడు సున్నం ఇంకా తడిగా ఉంటుంది. రంగు పైపైన నిలవదు, లోపలికి ఇంకుతుంది. బంక వేసి లాగినప్పుడు పై పొర వస్తుంది గానీ, లోతుకి దిగిన రంగు గోడలోనే ఉండిపోతుంది. గోడ పొడిగా ఉంటే అది కంటికి ఆనదు. తడి తగిలితే రంగు ముదురుతుంది, పలకని తడిగుడ్డతో తుడిస్తే నల్లబడ్డట్టు. చల్లటి రాయి మీద వేడి ఆవిరి పడితే ఏమవుతుంది? నీళ్ళవుతుంది. అంతే. దూతా కనబడతాడు, దెయ్యమూ కనబడుతుంది. మంచు పట్టిన సాయంత్రాలు కనబడిన వేలూ అదే. మా పెద్దమ్మకి ఇవన్నీ ఎలా తెలుసంటే, ఒక చలికాలం చర్చి నేల వేణ్ణీళ్ళతో కడుగుతుంటే గోడ మీద ఒక కన్ను తెరుచుకుంది. ఆవిడ పరిగెత్తలేదు. చేత్తో తుడిచి చూసింది. ఆరాక పోయింది. మళ్ళీ వేణ్ణీళ్ళు చల్లింది. మళ్ళీ వచ్చింది. అప్పుడు నవ్వుకుని, ఎవరికీ చెప్పకుండా, చనిపోయినవాళ్ళ రాత్రిలో బ్లాయ్ వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంది.

పిల్లల్ని బార్సిలోనా తీసుకెళ్ళి, ప్రదర్శనశాలలో అసలు బొమ్మ కూడా చూపించాను. అద్దం వెనకాల మిఖాయేలు ఉన్నాడు, త్రాసు ఉంది, పొడుగుచెయ్యోడూ ఉన్నాడు, ఎండ మొహం ఎరగనివాడిలా. "అయితే వీడు మన ఊళ్ళో ఉండిపోలేదు కదా టీచరమ్మా?" అని అడిగారు. "లేదర్రా" అన్నాను. పిల్లలు పాపం కాస్త నిరాశపడ్డారు.

కథ ఇక్కడికి అయిపోవాలి.

కానీ పెద్దమ్మ ముసలిదయ్యాక ఒకరోజు, చిక్కుళ్ళు ఒలుస్తూనే, నేను అడిగాను. "పెద్దమ్మా, అంతా నీ బిందె మహిమేగా. మరి నువ్వెప్పుడూ చీకటి పడ్డాక ఆ గోడ దగ్గరికి పోవేం?"

ఆవిడ ఒలవడం ఆపింది. గుమ్మంవైపు మాత్రం చూడలేదు ఈసారి. నా వైపు చూసింది.

"నేను కుంపటి ఏ గోడ కింద పెట్టాను?"

"ఉత్తరపు గోడ."

"బ్లాయ్ మామని ఏం చేసుకోమన్నాను?"

"నడుం కాచుకోమన్నావు."

"నడుం ఎలా కాచుకుంటారే, టీచరమ్మా?"

"వీపు అటు పెట్టి" అంది పెద్దమ్మ. "అలాగే కూర్చున్నాడు. ఆ మాట అనేసి, బయటికొచ్చాక నాలిక కరుచుకున్నాను. వీపు అటుంటే బొమ్మెలా చూస్తాడు? నా పథకం అంతా బూడిదలో పోసినట్టేనని వసారాలో నిలబడి నన్ను నేను తిట్టుకుంటుంటే... గంట ఆగింది. మేం లోపలికెళ్ళేసరికి ఆయన అలాగే ఉన్నాడు. వీపు బిందెకి. బొమ్మ ఆయన వెనకాల ఉంది. ఆయన దాన్ని చూడనే లేదే."

"మరి దేన్ని చూశాడు?"

"ఎదురుగా దక్షిణపు గోడ. అక్కడ ఎప్పుడూ ఏ బొమ్మా లేదు. ఉత్త రాయి."

నేను బడిపంతులమ్మని కదా, వెంటనే జవాబు వెతుక్కున్నాను. "ఆయన నీడే అయ్యుంటుంది పెద్దమ్మా. వెనకాల నిప్పులు, ఎదురుగా గోడ. చెయ్యి చాపితే నీడ పొడుగ్గా సాగుతుంది."

"నేనూ అదే అనుకోవాలనుకున్నాను. కానీ నిప్పుల మీద అప్పటికే బూడిద కట్టేసింది. కొవ్వొత్తి దగ్గరగా పెడితే గానీ నాకు బిందె కనబడలేదు." మళ్ళీ చిక్కుళ్ళు అందుకుంది. "చాలా ఏళ్ళకి బ్లాయ్ మామనే అడిగాను. ఏం చూశావు మామా అని. వేలు, అన్నాడు. వేలు కింద తట్ట. అబద్ధం ఆడినప్పుడల్లా దిగేదట. నిజం చెప్పాక... లేచిందట."

చూస్తే ఆవిడ వాటా చిక్కుళ్ళు మళ్ళీ నా గిన్నెలో ఉన్నాయి.

ఇప్పుడా తాళంచెవి మా ఇంట్లో, అదే మేకుకి వేలాడుతోంది. చనిపోయినవాళ్ళ రాత్రి గంట కొట్టేవాళ్ళకి ఉడికించిన కాయలు నేనే పట్టుకెళ్తాను. బిందె ఉత్తరపు గోడ కిందే పెడతాను. మిఖాయేలు వస్తాడు, మనవలు చప్పట్లు కొడతారు, నేను సున్నం గురించీ ఆవిరి గురించీ ఓపిగ్గా చెబుతాను.

"మరి ఇటు గోడ మీద ఏముంది అమ్మమ్మా?" అని అడుగుతారు.

"ఏమీ లేదు. ఉత్త రాయి" అంటాను.

అని, అటు మాత్రం తిరిగి చూడను. తీపి తగ్గించమని డాక్టరు గారు చెప్పారు. తగ్గించానని ఆయనకి చెప్పాను. ఈ వయసులో ఆ తట్ట దిగడం చూడటం నా గుండెకి మంచిది కాదు.